దెబ్బ తిన్నవాడికో బరువు

మీకు ఎలాంటి దెబ్బ తగిలినా సరే, మా బావ చెవిన మాత్రం పడనివ్వకండి. పడిందంటే, వచ్చి మీ చేతిలో ఏదో ఒక బరువు పెట్టిగానీ వెళ్ళడు.

ఆయన్ని అనీ లాభం లేదు, ఉద్యోగం అలాంటిది. కాంక్రీట్ దూలాలను పరీక్షించేచోట పని. అక్కడ పెద్ద ఇనుపదిమ్మెను పైకెత్తి దూలం మీద దభాలున వదిలేస్తారు. అది చూడటానికి అందరూ మూగుతారు. దూలం పగలగానే "అబ్బో!" అనుకుని టీలకు పోతారు. మా బావ పని అప్పుడు మొదలవుతుంది. పగుళ్ళ వెంట పెన్సిల్‌తో గీత గీసి, ఆ దూలం మీదే మెల్లమెల్లగా బరువు పెంచుతూ ఇంకా ఎంత మోస్తుందో చూస్తాడు.

"దెబ్బ తిన్నదల్లా చెత్తకుప్పకేనా? లోపల ఇనపచువ్వలు ఊరికే ఉన్నాయటోయ్?" అంటాడు. "పగులు నడుమన నిలువుగా ఉంటే చాలావరకు ఫరవాలేదు. చివర్లో ఏటవాలుగా ఉంటేనే భయపడాలి."

బాగానే ఉంది. దూలాలకూ బంధువులకూ తేడా తెలిస్తే ఇంకా బాగుండేది.

నేను స్నానాలగదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు చూడటానికొచ్చినవాళ్ళందరూ పళ్ళు తెచ్చారు. మా బావ పూలకుండీ తెచ్చాడు.

"ఏదీ, రెండో చేత్తో పట్టుకో."

"బావా, నాకు దెబ్బ తగిలింది!"

"అందుకేగా తెచ్చాను."

పోతూపోతూ నా పిండికట్టు మీద పెన్సిల్‌తో గీత గీసి, "ఫరవాలేదు, నిలువే," అని తీర్పిచ్చాడు.

ఎదురింటాయన చదరంగంలో ఓ చిన్నపిల్ల చేతిలో ఓడి, మొహం వేలాడేసుకుని వస్తుంటే, మా బావ గేటు దగ్గరే ఆపి ఆయన భుజానికి నిచ్చెన ఎత్తాడు.

"మూలిగే నక్క మీద తాటిపండు అంటే సామెతేననుకున్నాను," అంటుంది మా అక్క. "ఆ పండునే కట్టుకున్నానని తర్వాత తెలిసింది."

ఇంతలో మా తమ్ముడికి దెబ్బ తగిలింది. వాడు బస్సు డ్రైవరు. వానలో బస్సు జారి గోడను గుద్దింది. గోడకు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు వాడిది కాదని పైవాళ్ళూ తేల్చారు. వాడికే తేలలేదు. స్టీరింగ్ మాటెత్తితే చేతులు వణికేవి. వచ్చే సోమవారం డ్యూటీ ఎక్కకపోతే ఉద్యోగం ఊడుతుంది. మేమేమో "పాపం, కదిలించకండి" అంటూ గాజుబొమ్మలా చూసుకుంటున్నాం.

బావ వచ్చాడు. వాడి మొహం ఎగాదిగా చూశాడు. "నిలువే," అన్నాడు. "ఒరేయ్, ఆ ఉప్పుడబ్బా ఇలా పట్రా."

ఆరోజు ఉప్పుడబ్బా. మర్నాడు కూరల సంచి. ఆపైన గ్యాస్ సిలిండర్. ఆ మర్నాడు పొద్దున్నే బావ ఎడమకాలికి కట్టుతో కుంటుకుంటూ దిగాడు.

"కాలు బెణికిందిరా. కారు నువ్వు తీయాలి."

"నావల్ల కాదు బావా."

"సరేలే. నడిచే పోతాను. సాయంత్రానికి చేరకపోతానా!"

గెంతుకుంటూ వీధి మలుపుదాకా పోయాడు. తమ్ముడు తిట్టుకుంటూ వెనకే పరిగెత్తి తాళాలు లాక్కున్నాడు. వెనకసీట్లో నేను. కారు ఎంత జోరుగా పోయిందంటే, వెనకొచ్చే సైకిలాయన బెల్లు కొట్టి మరీ దాటిపోయాడు.

"ఫరవాలేదు, కొంచెం పెంచు," అన్నాడు బావ.

బావను పనిచోట దింపి కారు తిప్పుతుంటే చూశాం. కాలు బెణికినాయన ఇనపనిచ్చెన మీదికి మేకపిల్లలా ఎక్కిపోతున్నాడు. తమ్ముడు నావైపు చూశాడు. గేరు మార్చి ముందుకు పోనిచ్చాడు. ఆ కాలు మాత్రం ఆ వారం ఇక తగ్గలేదు. రోజూ వాడే దింపాడు, రోజుకో కొత్త దారిలో, కాస్త ఎక్కువ రద్దీలో.

సోమవారం మొదటి ట్రిప్పు. తమ్ముడు బస్సెక్కి చూస్తే ఏముంది, లోపల అక్క, ఎదురింటాయన, బావతో పనిచేసేవాళ్ళు, ఒళ్ళో పూలకుండీతో నేను. అందరినీ ఎక్కించింది బావే. "ఖాళీబస్సు నడిపితే ఏం తెలుస్తుంది? బరువుండాలి!"

తమ్ముడు స్టీరింగ్ మీద చేతులు వేశాడు. గట్టిగా ఊపిరి పీల్చి అద్దంలోకి చూశాడు. ముందుసీట్లో బావ కాలు బారజాపుకుని కూర్చున్నాడు.

"బావా, కట్టు కుడికాలికి మారిందేం?"

బావ కాళ్ళకేసి ఓసారి చూసుకున్నాడు.

"నువ్వు ముందుకు చూసి నడపరా!"

బస్సు కదిలింది.