బర్రె తర్వాత నా పేరు

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిదిలో, ఊరూరా జై తెలంగాణ అంటూ బడులన్నీ మూతపడిన ఏడు, నాకు ఒక మనిషి మీద పట్టరానంత కుళ్లు ఉండేది. ఆ మనిషికి తొమ్మిదేళ్లు. నా ఈడుదే.

అంతకు ముందు ఏడే మా అమ్మ పోయింది. బాపు పెగడపల్లిలో ఒక దొర దగ్గర జీతం ఉండేవాడు. ఆడపిల్లను గుడిసెలో ఒంటరిగా వదల్లేక కోరుట్లలో మా అమ్మమ్మ దగ్గర దిగబెట్టి వెళ్లిపోయాడు. అమ్మమ్మ బీడీలు చుట్టేది. పొద్దు గూకగానే తునికాకు చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసేది. ఆమెకు చదువు రాదు. ఆమె ప్రార్థనంతా పేర్లే. తెలిసిన వాళ్లందరినీ ఒక్కొక్కరినే పేరు పెట్టి దేవునికి అప్పజెప్పేది. అందులో మొట్టమొదటి పేరు నాది. అమ్మ పోయి, ఊరు మారి, చీటికిమాటికి ఉలిక్కిపడే నాకు అదొక్కటే ఆసరా. అమ్మమ్మ నోట ముందుగా నా పేరు వింటేనే నాకు నిద్ర పట్టేది.

ఎండాకాలంలో, మా చర్చికి వచ్చే బడి పంతులును ఉద్యమంలో తిరుగుతున్నాడని జైల్లో పెట్టారు. ఆయనను విడిపించుకోవడానికి భార్య కరీంనగర్ వెళ్తూ, తమ బిడ్డను మా అమ్మమ్మ దగ్గర ఉంచింది. ఆ పిల్లకు గౌను, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు. పాటల పుస్తకం తడుముకోకుండా చదివేది. నేనేమో చిరుగుల లంగాలో, రాని పాటకు పెదవులు కదుపుతూ కూర్చునేదాన్ని. అదంతా ఓర్చుకున్నాను. కానీ వచ్చిన తొలి సాయంత్రమే అమ్మమ్మ ప్రార్థనలో ముందుగా ఆ పిల్ల పేరు వచ్చింది. తర్వాత వాళ్ల నాన్న, వాళ్ల అమ్మ, జైలుకు పోయిన పోరగాండ్లు, దవాఖానలో పడ్డవాళ్లు. చివరికి పక్కింటి బర్రె సులువుగా ఈనాలని కూడా అడిగింది. నా పేరు ఆ బర్రె తర్వాత వచ్చింది!

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అన్నం దగ్గరా అదే వరస. ముందు ఆ పిల్లకు పెట్టమనేది, పెట్టాల్సింది నేను. జొన్న గటక గిన్నె ఆ పిల్ల ముందు ఠంగుమనేలా పెట్టేదాన్ని. పడుకున్నాక ఆ పిల్ల ఏడిస్తే అమ్మమ్మ అటు తిరిగి జోకొట్టేది. నాకు అమ్మమ్మ వీపు మిగిలేది. పంతులు తొందరగా విడుదల కావాలని ఆ రోజుల్లో నేనూ దేవుణ్ణి గట్టిగానే వేడుకున్నాను. ఎందుకో ఆ దేవునికీ తెలుసు.

ఒకనాడు ఇక ఉండబట్టలేక, ప్రార్థన వేళకు వాకిట్లోనే కూలబడ్డాను. అమ్మమ్మ లోపలి నుంచి పిలిచింది.

"దా బిడ్డా, పొద్దుగూకింది."

"నేను రాను. బర్రె ఉన్నది గదా, దాన్ని పిలువు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది.

"నువ్వు అచ్చిన కొత్తల ఎవ్వలి పేరు ముందుగాల తీసిన?"

"నాదే."

"గప్పుడు నువ్వు చుట్టానివి. కొత్త చోటని గజగజ వణికేదానివి. ఇప్పుడు గా పిల్ల గట్లనే వణుకుతాంది. ఇంటికి అచ్చినోళ్లకు ముందుగాల పెట్టి, మనం ఆఖరుకు తింటం గదా. పేర్లు గూడ గంతే."

"మరి నీ పేరు ఎన్నడు చెప్పవేంది?"

"నీ పేరు కాడ ఆపుత గదనే. నా పేరు దాన్లనే ఉంటది. ఇద్దరం ఒక్కింటోళ్లం."

నాకంతా అర్థమైందని చెప్పను. కుళ్లు కూడా ఆ పూటకు పోలేదు. అయినా లేచి లోపలికి వెళ్లి, ఆ పిల్ల పక్కనే కళ్లు మూసుకుని కూర్చున్నాను. పేర్లు ఒకటొకటిగా సాగాయి. బర్రె కూడా దాటింది. అప్పుడు నా పేరు, ఆ వెంటనే ఆమెన్. అమ్మ పోయాక నాకూ ఒక ఇల్లుందని మొదటిసారి అనిపించింది.

వానలు పడ్డాక పంతులు విడుదలై వచ్చి బిడ్డను తీసుకుపోయాడు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నదే. తీరా ఆ సాయంత్రం చాట పక్కకు జరిపి అమ్మమ్మ కళ్లు మూసుకోగానే నేను ఒక కన్ను తెరిచి ఆమె పెదవులనే చూశాను. నా పేరు మళ్లీ ముందుకు వచ్చి, నేను మళ్లీ చుట్టాన్నైపోతానేమోనని భయం. రాలేదు. ఆ పిల్ల పేరే ముందు వచ్చింది. బర్రె ఈనింది కనుక దూడ కూడా చేరింది. దాని తర్వాత నేను.

పెళ్లయి సిరిసిల్ల వచ్చాను. ఆయన పోయాక అద్దె ఇళ్లు మారాను, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాను. ఎక్కడికి పోయినా సాయంత్రం పేర్లు మాత్రం తప్పలేదు. కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఆమె పేరే ముందు పెట్టాను. నేను మారిపోయానని మాత్రం అనుకోకండి. చర్చిలో అయ్యగారు నా పేరు కంటే ముందు ఇంకొకరి పేరు చెబితే, ఈ వయసులోనూ లోపల చురుక్కుమంటుంది. అప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని ఆమెన్ దాకా ఓపిక పడతాను. అక్కడ నేనుంటాను. మా అమ్మమ్మ కూడా ఉంటుంది.