జయచంద్ర సారు తెల్ల పేజీ

మా నాయన జయచంద్ర కార్వేటినగరం బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఊరికే కూర్చుంటే మనిషి తుప్పు పట్టిపోతాడని రోజూ బస్సెక్కి తిరుపతి వెళ్ళి వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్నాడు. అది 2003. ఆ వయసులో విద్యార్థి అయ్యి కూడా పక్కన కూర్చున్నవాళ్ళ తప్పులు దిద్దేవాడు. నాకు నవ్వూ వచ్చేది, సిగ్గూ వేసేది.

మొదటి పని తిరుపతి స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే శ్రీనివాసులు ఇచ్చాడు. గదులు బుక్ చేసుకునే పేజీ కావాలి. ఆ ఫారం స్క్రిప్టుతో, అంటే పేజీ లోపల పనిచేసే చిన్న ప్రోగ్రాముతో నడుస్తుంది. వైరస్ భయంతో కొందరు బ్రౌజర్లో స్క్రిప్టు ఆపేసుకుంటారు. శ్రీనివాసులు కూడా ఆపేశాడు. అలాంటివాళ్ళకు లాడ్జి ఫోన్ నంబరు కనిపించేలా నాయన ఏర్పాటు చేశాడు. ఎవరు ఆపారో కనిపెట్టే పనిని మాత్రం ఆ స్క్రిప్టుకే అప్పగించాడు.

లాడ్జిలో తెరిస్తే తెల్ల పేజీ. మళ్ళీ తెరిచినా తెలుపే.

"ఏంది సారూ, తెల్లకాయితం సూపిస్తాండారు? శుక్రవారం లోపల బాగు చెయ్యండి. లేకుంటే ఇంకొకరిని సూసుకుంటా" అన్నాడు శ్రీనివాసులు.

నాయన మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని మొద్దులన్న మనిషి, తనే మొద్దునేమో అని దిగులుపడ్డాడు. నాకు జాలేసింది. మా అమ్మ మునిలక్ష్మి అడిగి అడిగి విషయమంతా చెప్పించుకుంది.

"బడికి రానోళ్లు చెయ్యెత్తండని హాజరు తీసుకున్నట్టుండాది. ఆపేసిన స్క్రిప్టు, నన్ను ఆపినారని ఎట్ల చెప్తాది?" అంది. "ఇంటికొచ్చినోళ్లను తిన్నారా అని నేనెప్పుడన్నా అడిగినానా? అడిగితే మొహమాటపడతారు. ముందు ఆకు ఏసేస్తా. తిన్నోళ్లయితే వాళ్లే తీసేస్తారు."

నాయన లేచి చెప్పులేసుకుని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాడు. ఫోన్ నంబరును ముందే మామూలు అక్షరాలతో పేజీలో పెట్టేశాడు. స్క్రిప్టు నడిస్తే అదే ఆ నంబరును తీసేసి ఫారం చూపిస్తుంది. నడవకపోతే నంబరు అలాగే ఉంటుంది. శుక్రవారం శ్రీనివాసులు తెర మీద తన నంబరు చూసుకుని, నమ్మకం చాలక దానికి ఫోన్ చేశాడు. లాడ్జి ఫోన్ పక్క బల్ల మీదే మోగింది.

ఆదివారం నాయన మమ్మల్ని ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్ళి, స్క్రిప్టు ఆపి పేజీ తెరిచాడు. నంబరు కింద "ఈ పేజీ చేసినది: మునిలక్ష్మి" అని ఉంది. స్క్రిప్టు నడిపిస్తే ఆ చోట "జయచంద్ర" అని వచ్చింది. ఎవరి పనికి వాళ్ళ పేరు పెట్టానని గర్వంగా మావైపు చూశాడు.

అమ్మ రెండూ తీరిగ్గా చదివింది. "ఆపేసుకునేవాళ్లు ఎక్కువా, ఆపనోళ్లు ఎక్కువా?" అని అడిగింది.

నూటికి తొంభైమంది ఆపరని నాయన ఒప్పుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ సాయంత్రం నుంచి ఎవరు తెరిచినా రెండు పేర్లూ కనిపించాయి. అమ్మ పేరు పైన, నాయన పేరు దాని కింద.