ఆడి మాసంలో వేసుకున్న మాత్ర

చింతాద్రిపేటలో వరదయ్య నాదస్వరం ఎత్తితే కూవం నది కంపు కూడా కాసేపు మరిచిపోతామనేవాళ్లు. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి తమిళదేశంలో స్థిరపడిన కుటుంబం. పక్కన డోలు వాయించేది బావమరిది మునిరత్నం. ఈ సంగతులు కొన్ని అదే వీధిలో ఉండే నాకు వరదయ్య చెప్పినవి, ఎక్కువ ఆయన భార్య చెంగమ్మ చెప్పినవి.

1993లో వరదయ్య ఒక పెళ్లిలో కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. బీపీ ఎక్కువగా ఉంది, గుండెకు రక్తం సరిగా అందడం లేదన్నారు. గుండె వేగం తగ్గించే మాత్ర రాసిచ్చి, "రోజూ వేసుకోవాలి. బాగుందని మీ అంతట మీరు ఆపకూడదు. ఏ ఇబ్బంది ఉన్నా నాతో చెప్పండి" అన్నాడు డాక్టరు.

మాత్రతో తలభారం తగ్గింది. కానీ ఊపిరి చాలడం లేదు. ఒక్క దమ్ములో సాగాల్సిన ఆలాపన నడుమ తెగిపోతోంది.

"ఏంది బావా, కుక్కరు మాదిరి ఆగి ఆగి ఊదతాండావు?" అన్నాడు మునిరత్నం.

"నీ డోలు మాత్రం? ఒడియాలకు పిండి దంచినట్టుండాది" అని నవ్వేశాడు గానీ, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

అప్పటినుంచి పంచాంగం చూసి మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లు లేని ఆడి, మార్గళి మాసాల్లో క్రమం తప్పకుండా వేసుకునేవాడు. ముహూర్తాలు దగ్గర పడగానే ఒక్కసారిగా ఆపేసేవాడు. మొదట్లో ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చేసింది.

"ఊపిరాడలేదని డాక్టరుతో చెప్తాం పా. వేరే మాత్ర ఇస్తాడేమో" అని చెంగమ్మ పోరింది.

"చెప్పినావంటే నాదస్వరమే వద్దంటాడు. ఊదకుండా ఈడ కూచోని నేనేం చేసేది, నీకు దోసెపిండి రుబ్బేదా?"

"రుబ్బు. మనిషివి ఉంటే చాలు."

"సుమ్మా ఉండవే!" అని ఆమె నోరు మూయించాడు.

1995లో ఆడి ముగిసి ఆవణి నెల రాగానే మొదటి ముహూర్తం పురసవాక్కంలోని ఒక కల్యాణమంటపంలో. వారం ముందే మాత్ర మానేశాడు. ముందు రోజు సాయంత్రం పెళ్లికొడుకు ఊరేగింపులో ఆయన ఊదిన తోడి రాగం వినడానికి బస్సుల కోసం నిలబడ్డవాళ్లు కూడా దగ్గరికొచ్చారట. "పాత బావ వచ్చేసినాడు" అని మునిరత్నం పొంగిపోయాడు.

పొద్దున తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యి ఊపాడు. గెట్టిమేళం అందుకోవాలి. వరదయ్య అందుకున్నాడు. అక్షతలు పడుతుండగా నాదస్వరం ఆగిపోయి డోలు ఒక్కటే మోగింది. మునిరత్నం తిరిగి చూస్తే, బావ రొమ్ము పట్టుకుని పక్కకు ఒరిగిపోతున్నాడు.

గుండెపోటు. ప్రాణం దక్కింది గానీ గుండె సగం పాడైందన్నారు.

"మాత్ర ఎప్పుడు ఆపారు?" అని డాక్టరు అడిగాడు. చెంగమ్మే అంతా చెప్పింది, పంచాంగం సంగతితో సహా.

డాక్టరు కోప్పడలేదు. "ఈ మాత్రను ఒక్కసారిగా ఆపితే గుండె అదుపు తప్పుతుందమ్మా. ఆపాలంటే మేమే కొంచెం కొంచెంగా తగ్గిస్తాం. ఆయాసమని చెప్పివుంటే వేరేది ఇచ్చేవాణ్ణి" అన్నాడు.

మంచం మీదున్న వరదయ్య మెల్లగా కళ్లు తెరిచాడు.

"ఊదనిచ్చేవారా సార్?"

"చూసి, ఊదమనే చెప్పేవాణ్ణి. ఎందుకు వద్దంటాను?"

వరదయ్య గోడవైపు తిరిగిపోయాడు.

ఇంటికి వచ్చాక కొత్త మాత్రలతో ఆయాసం పెరగలేదు. కానీ స్నానానికి లేచి నిలబడే శక్తి కూడా లేదు. మాత్ర మాత్రం ఎవరూ గుర్తు చేయకుండానే వేసుకునేవాడు. వీధిలో ఎవరికైనా బీపీ అని తెలిస్తే కబురుపెట్టి పిలిపించుకుని, "డాక్టరు దగ్గర దాయవద్దబ్బా, అంతా చెప్పేయి" అనేవాడు. నన్నూ అలాగే పిలిపించాడు.

మరుసటి ఏడు వైకాశి నెలలో, పెళ్లిళ్ల రోజుల్లోనే వరదయ్య పోయాడు. ఆ పొద్దున మునిరత్నం దగ్గర లేడు. కాళిముత్తు అనే వేరే నాదస్వరం ఆయనతో వ్యాసర్పాడిలో ఒక పెళ్లికి వెళ్లాడు. కబురు అందినా, తాళి కట్టేదాకా డోలు దించడానికి లేకపోయింది.