నెట్ సెంటర్ నుంచి వచ్చిందెవరు

రాజంపేటలో స్టీలు సామాన్ల అంగడి నడిపే నాగసుబ్బయ్య నెట్ సెంటరుకు నాగసుబ్బయ్యగానే వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడే వేరే ఎవరో అయి వస్తాడు. అదొక్కటి తప్ప మనిషికి వంక పెట్టడానికి లేదు.

ఇంటర్నెట్‌లో మనుషుల్ని కలిపే ఆర్కుట్ కొత్తగా వచ్చిన రోజులవి. మధ్యాహ్నం బేరాలు సన్నగిల్లగానే ఆయన షట్టరు సగం దించి, పక్క సందులో మారెన్న పెట్టిన నెట్ సెంటరుకు పోయేవాడు. అక్కడేం చేస్తాడో భార్య కన్యకమ్మకు తెలియదు. ఎలా తిరిగొస్తాడో మాత్రం బాగా తెలుసు.

ఒకరోజు నడుం మీద చెయ్యేసుకుని గడప దాటాడు. కుర్చీలో కూలబడి, "ఈ మోకాళ్లు నన్ను బతకనీవు తల్లీ" అని మూలిగాడు. పొద్దున్నే అటకెక్కి బిందెలు దించిన మోకాళ్లవి.

ఇంకోరోజు మూతి ముడుచుకుని వచ్చాడు. కన్యకమ్మ అన్నం పెడితే కంచం పక్కకు జరిపాడు.

"ఏమండీ, కూర బాగలేదా?"

"పొయినోడివి పొయినట్టే ఉండావు. పండగకు ఒక్క చీరన్నా పంపినావా?"

కన్యకమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎవురికండీ చీర?"

నాగసుబ్బయ్య ఉలిక్కిపడి మీసం తడుముకున్నాడు. అది ఉన్నచోటే ఉంది. "ఏంలేదులే, ఇంత చారు పొయ్యి" అన్నాడు.

ఆ చీర కన్యకమ్మ గుండెల్లో ముల్లులా దిగింది. అంతలో పక్కింటి భీమక్క గోడ మీదుగా తల పెట్టింది.

"హాల్‌టికెట్ తీసుకుందామని పోయి మావాడు చూసినాడంట. మీ ఆయన కంప్యూటర్లో ఎవురికో రాస్తాండాడంట."

"ఏమని?"

"'బావా, నువ్వు లేక నిద్ర పట్టలే' అని."

ఇన్నాళ్లూ ఆయనకు ఏ ఆడమనిషో తగులుకుందని కన్యకమ్మ భయం. ఇప్పుడు చూస్తే తన మొగుడే ఎవరికో ఆడమనిషై కూర్చున్నాడు. ఏడవడానికి కూడా దారి దొరకలేదామెకు. మరుసటి మధ్యాహ్నం ఆయన వెనకే నెట్ సెంటరుకు నడిచింది.

ప్లైవుడ్ అరలోంచి వెక్కిళ్లు వినిపించాయి. తలుపు తోసింది. నాగసుబ్బయ్య కీబోర్డు ముందు కుమిలి కుమిలి ఏడుస్తున్నాడు. పక్కన స్టూలు మీద ఇస్త్రీ బండి రాహేలమ్మ. ఆమె కొడుకు దావీదురాజు కువైట్‌లో డ్రైవరు. కొన్నాళ్లుగా వాడి జాడ లేదని పేటంతా బాధపడుతోంది.

"మావాడు దొరికినాడమ్మా" అంది రాహేలమ్మ. "జరమొచ్చి ఆస్పత్రిలో పడుండాడంట. ఇప్పుడు బాగుండాడు." ఆయన వైపు తిరిగి, "శెట్టీ, ఏడ్సాల్సింది నేను గదప్పా. నువ్వు కండ్లు తుడ్సుకోని, అన్నం తిన్యాడేమో అడుగు" అంది.

"ఒరే నాయనా, బువ్వ తిన్యావా" అని తల్లి గొంతుతో పలుకుతూ, ముక్కు చీదుకుంటూ టైపు కొట్టాడు నాగసుబ్బయ్య.

కన్యకమ్మ వెనక్కి తిరిగి చూసింది. బెంచీ మీద మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. అందరి మొగుళ్లూ, కొడుకులూ కువైట్‌లోనే. ఎవరికీ ఇంగ్లీషు అక్షరాలు రావు. వాళ్లలో ఒకామె మోకాళ్లు పట్టుకుని మూలుగుతోంది.

రాహేలమ్మ వెళ్లాక కన్యకమ్మ స్టూలు మీద కూర్చుంది. "నాకొక మాట చెప్పింటే పొయ్యేది గదా."

"వాళ్ల ఇంటి గుట్లు. నీకైనా ఎట్ల చెప్పేది? నోరు మూసుకోనే వస్తాండా. వాళ్ల బాధలే మొగంలో మిగిలిపోతాండాయి."

కన్యకమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. చాలా రోజులకు నవ్విందేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇందరి పేర్లతో ఖాతాలు తెరిసినారే, మీ పేరుతో ఏది?"

లేదు. ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. మారెన్న అప్పటికప్పుడు తెరిచిచ్చాడు. 'మీ గురించి' అన్న చోట తెల్లటి గడి కనిపించింది. ఊరందరి మనసులూ టకటకా కొట్టేసిన నాగసుబ్బయ్య వేళ్లు అక్కడ ఆగిపోయాయి.

"నేను ఎట్లాటోణ్ణి కన్యకా?"

"నేను చెప్తా, రాయండి. మా ఆయన శానా మంచోడు. ఉప్పు తక్కువైతే అలుగుతాడు. ఎవురి బాధైనా ఇంటికి మోసుకొస్తాడు."

ఆయన కొడుతూపోయాడు. కొట్టేకొద్దీ కళ్లు మెత్తబడ్డాయి. భుజం మీది తువ్వాలు కొంగులా ముందుకొచ్చింది. చివరికి ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"ఏమండీ, అంగడి తెరిసే పొద్దయింది. లేయండి."

"వస్తాండాలే పా, కన్యకా" అంటూ లేని మీసం దువ్వుకుని లేచింది కన్యకమ్మ.