కుళ్లడం మానేసిన పెంట

మా కొండ మీద మా అల్లం పంట పాడైన ఏడాది గురించి ఇప్పుడు అందరిదీ ఒకటే మాట: వాన తేడా చేసిందట. వానకి నోరు లేదు కనుక నేరమంతా దాని మీద వేశారు. అందులో నా వాటా కూడా అదే మోస్తోంది. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

హుకుంపేట సంతకి వెళ్లిన ప్రతిసారీ నేను గ్రంథాలయంలో దూరేవాణ్ణి. మాస్టారు తాళం ఇచ్చిన వ్యవసాయం బీరువా మొత్తం చదివేశాను. మట్టిలో కంటికి కనిపించని జీవులుంటాయని, ఆకునీ పేడనీ ఎరువు చేసేది అవేనని మా ఊళ్లో మొదట చెప్పింది నేనే. మా అమ్మ అంతా విని, "అయితే ఏటి?" అంది.

ఆవిడకి నా చదువంటే భయం ఉండేది. ఒకసారి అందులోనే పాల పాత్రల పరిశుభ్రత గురించి చదివి, చోడి అంబలి, అదే రాగి అంబలి, పులియబెట్టే కుండని సబ్బేసి తోమేశాను. అడుగున నిన్నటి అంబలి కాస్త ఉంటేనే కొత్తది పులుస్తుంది. మూడు రోజులు ఇంటిల్లిపాదీ చప్పటి అంబలి తాగుతూ నా వంక చూశారు.

అమ్మ విత్తనపు అల్లం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఏటేటా అందులోంచే దాచి నాటేది. పోతే మళ్లీ దొరకని రకం.

ఆ ఏడు ఒక వ్యవసాయ అధికారి వచ్చి, కోళ్లఫారం ఎరువు వేస్తే దుంప బాగా ఊరుతుందన్నాడు. నేను పుస్తకం తెరిచి చూపించి మరీ ఔనన్నాను. మైదానం నుంచి లారీ వచ్చింది. దాణాలోనే మందు కలుపుతారని, ఆ కోళ్లకి జబ్బన్నదే రాదని డ్రైవరు గొప్పగా చెప్పాడు. నేనూ గొప్పే అనుకున్నాను. ఎరువు నిండా దాణా సంచుల పీచు, చిరిగిన కవర్లు. ఏరే ఓపిక లేక అలాగే అమ్మ ఆకూ పేడా పోగేసిన పెంటగోతిలో వేయించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాను.

వేసవి జల్లులు రాలేదు. పట్టా కింద గొయ్యి ఉడికింది. నాటే వేళకి తవ్వితే, వేసిన పనసాకు వేసినట్టే ఉంది, ఈనెలతో సహా. ఒక్క వానపాము లేదు. అమ్మ పిడికెడు తీసి వాసన చూసింది.

"మళ్లీ కుండ కడిగేసినావురా," అంది.

క్రిములని చంపే మందు, కోడి కడుపులోంచి మట్టిలో పడ్డాక మంచిదేదో చెడ్డదేదో అడిగి చంపదు. ఆ సంగతి గ్రంథాలయంలో ఉంది, వేరే బీరువాలో. మందు ఎంత చేసిందో, ప్లాస్టిక్ ఎంతో, ఎండ ఎంతో నేను విడదీసి చెప్పలేను. మూడింటినీ ఒకే గోతిలో కలిపింది మాత్రం నేనే.

వేరే ఎరువు లేక ఆ పెంటలోనే నాటాం. తరువాత వాన ఎడతెగకుండా కొట్టింది. దుంపకుళ్లుని ఆపే మంచి జీవులు ఆ పెంటలో మిగల్లేదు. మడులన్నీ కుళ్లిపోయాయి. కుళ్లాల్సింది కుళ్లకుండా, కుళ్లకూడనిది కుళ్లింది. అమ్మ నాకు చెప్పకుండా ముందే చేటెడు విత్తనపు అల్లం తీసి, అడవి అంచున పాత ఆకుమట్టిలో నాటింది. అదొక్కటే బతికింది.

పేర్లు రాస్తే నొచ్చుకుంటారు కనుక రాయను. ఒక బీరువా తాళం మాత్రమే ఇచ్చిన గ్రంథాలయం మాస్టారికి, ఉన్న నిజం ముందే చెప్పేసిన డ్రైవరుకి, దోషి వానేనని కాగితం మీద తేల్చిన అధికారికి, రెండు గంపల అడవి మట్టి మోసుకొచ్చి మా గోతికి మళ్లీ ప్రాణం పోసిన పిన్నికి నా కృతజ్ఞతలు. అమ్మకి చెప్పబోతే వినలేదు. ఆ చేటెడు అల్లం ఇప్పుడు నాలుగు మడులైంది. నేను అటు వెళ్తుంటే ఇప్పటికీ నా సంచి వెతికి, పుస్తకం ఉంటే తీసుకుని ఇంట్లో పెడుతుంది.