బయటి గొళ్లెం

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పద్నాలుగేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. స్లైడు మీద కనిపించింది రాయడం, కనిపించనిది రాయకపోవడం నా పని. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. నా తమ్ముడు పెరోల్ మీద వచ్చినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో అంతవరకే చెబుతాను.

నా తమ్ముడు శేఖర్ యావజ్జీవ ఖైదీ. వాడూ, యాదగిరీ మా నల్లగొండ పల్లెలో కలిసి పెరిగినవాళ్లు. సాగర్ రోడ్డు మీద ఇద్దరూ షేర్ ఆటోలు నడిపేవాళ్లు. ఒకరోజు స్టాండులో ఎవరి వంతు ముందన్న దాని మీద మాటామాటా పెరిగింది. శేఖర్ జాకీ రాడ్ తీశాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే యాదగిరి చనిపోయాడు. అది జరిగి తొమ్మిదేళ్లయింది.

మొదటిసారి ముప్పై రోజుల పెరోల్ మంజూరయ్యే ముందు ప్రొబేషన్ అధికారిణి చంపాపేటలోని మా ఇల్లు చూడటానికి వచ్చారు. కోస్తా వైపు మనిషి, మాట నెమ్మది. మేడ మీద ఒంటిగది చూశారు. ఒకప్పుడు కోచింగ్ పిల్లలకు కిరాయికి ఇచ్చిన గది అది. తలుపుకు లోపల గడియ, బయట గొళ్లెం, పక్కనే బాత్రూమ్.

"పూచీ మీరే ఇస్తున్నారామ్మా? అతను ఆ ఊరి వాళ్ల దగ్గరికి గానీ, చనిపోయినతని ఇంటికి గానీ వెళ్లకూడదు. వెళ్తే మీరూ జవాబు చెప్పాలి" అన్నారు.

సరేనని సంతకం పెట్టాను.

శేఖర్ వచ్చాడు. ఎక్కువ మాట్లాడలేదు. అన్నం తొందర తొందరగా తినేవాడు. వారానికోసారి పోలీసు స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టి వచ్చేవాడు. తక్కిన సమయమంతా మేడ మీదే.

మూడో రోజు సాయంత్రం ఆరు గంటలకు టీ తీసుకుని మేడ ఎక్కాను. గది తలుపు మూసి ఉంది. బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. తీసి చూస్తే శేఖర్ చాప మీద కూర్చుని ఉన్నాడు.

"పిలవకపోయినవా?" అన్నాను.

"నువ్వే ఏసినవనుకున్న అక్కా" అన్నాడు. జైల్లో ఆ వేళకు బ్యారక్‌లు మూసేస్తారట. వాడికి అందులో వింతేమీ అనిపించలేదు.

నా భర్త అప్పటికింకా డ్యూటీ నుంచి రాలేదు. మా అమ్మాయి ట్యూషన్‌లో ఉంది. మేడ మీదికి ఉన్నవి ఒక్కటే మెట్లు, అవి మా వంటగది ముందు నుంచే వెళ్తాయి. నేను వంటగదిలోనే ఉన్నాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గాలికి పడిందేమో అని చూశాను. అది తుప్పుపట్టిన గట్టి గొళ్లెం, పైకెత్తి కొక్కేనికి తగిలిస్తే తప్ప పడదు. తగిలిస్తే కిర్రుమంటుంది. ఆ చప్పుడు కింద నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు.

ఎనిమిదో రోజు ఫోన్ పెట్టి చూద్దామనుకున్నాను. ఐదుంబావుకు పిట్టగోడ మీద తలుపుకు ఎదురుగా ఫోన్ నిలబెట్టి వీడియో ఆన్ చేశాను. అప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల శేఖర్ గోడకు ఆనుకుని నా వైపే చూస్తున్నాడు. నేను కిందికి దిగి, ఆరింటికి మళ్లీ ఎక్కాను. గొళ్లెం పెట్టి ఉంది.

వీడియో మొదట్లో ఫోన్ సర్దుతున్న నా వేళ్లు కనిపిస్తాయి. ఆ వేళ్ల వెనక తలుపు మూసి ఉంది, గొళ్లెం పెట్టి ఉంది. చివరిదాకా అలాగే ఉంది. నేను చూసిన తెరిచిన తలుపు అందులో ఎక్కడా లేదు.

నా భర్తకు చూపించాను. ఆయన సిటీ బస్సు డ్రైవర్, దేనికీ పరేషాన్ అయ్యే మనిషి కాదు. వీడియో రెండుసార్లు చూసి, "నీకు నిద్ర తక్కువైతుంది" అన్నాడు. మరో మూడు సాయంత్రాలు అదే జరిగాక పన్నెండో రోజు పొద్దున స్క్రూడ్రైవర్ తెచ్చి గొళ్లెం ఊడదీశాడు. ఇక దీంతో గొడవ ఉండదని నేనూ అనుకున్నాను.

ఆ సాయంత్రం టీ తీసుకెళ్లేసరికి తలుపు తెరిచే ఉంది. శేఖర్ లేడు.

వీధి చివరిదాకా వెతికాం. నా భర్త బండి మీద ఎల్బీ నగర్ చౌరస్తా వరకు వెళ్లి వచ్చాడు. స్టేషన్‌కు ఫోన్ చేస్తే పారిపోయాడని రాసుకుంటారు. చేయకపోతే పూచీదారుగా నేను తప్పు చేసినట్టు. ఏదీ తేల్చుకోలేక ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఏడున్నరకు అదే మోగింది. చేసింది మల్లమ్మ, యాదగిరి తల్లి. కేసు అయినప్పటి నుంచి ఆమె మాతో మాట్లాడింది లేదు.

"నీ తమ్ముడు మా గడపల కూసున్నడు. ఒచ్చి తీస్కపో" అంది.

వాళ్లిప్పుడు పల్లెలో లేరు, ఉండేది తుర్కయంజాల్‌లో. ఆటో మాట్లాడుకుని వెళ్లాం. శేఖర్ గడప దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మల్లమ్మ లోపల మంచం మీద ఉంది. ఇద్దరి మధ్యా నేల మీద ఒక చెంబు ఉంది, నీళ్లతో, ఎవరూ ముట్టలేదు.

"నేనొకటే అడిగిన," అంది మల్లమ్మ నాతో. "నా కొడుకు ఆఖరికి ఏమన్న అన్నడా అని. కోర్టుల ఎవలు చెప్పలే. నీళ్లడిగిండంట. గీడు తెచ్చేసరికి పానం లేదంట. ఇగ తీస్కపో. మల్ల రానియ్యకు. నా చిన్న కొడుకు చూస్తే ఊకోడు."

తిరిగి వస్తుంటే ఆటోలో శేఖర్ నా వైపు చూడకుండా చెప్పాడు. "యాదగిరి రోజు మెట్లకాడికి ఒస్తుండె అక్కా. 'పోదాం పా, అమ్మ అడుగుతుంది' అంటుండె. తలుపు ఏసి ఉంటుండె గదా, ఎట్ల పోతా. ఇయ్యాల తీసి ఉండె."

యాదగిరి పిలిచాడన్నది వాడి మనసులోని బాధ అని నేను అనుకోగలను. తొమ్మిదేళ్లు మోసినవాడికి అలాంటివి వినిపించవచ్చు. గొళ్లెం సంగతి అలా అనుకోలేను, అది నేను చేత్తో తీసింది.

మర్నాడు నేనే అధికారిణి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను, వీడియో కూడా చూపించాను. ఆమె చాలాసేపు చూశారు. "అతను వెళ్లిన సంగతి నేను రాయాల్సిందేనమ్మా. అదే రాత్రి మీరు తీసుకొచ్చారని, అవతలి వాళ్లు ఫిర్యాదు చేయలేదని కూడా రాస్తాను. ఇది మాత్రం ఎలా రాయాలో నాకు తెలీదు" అని ఫోన్ తిరిగి ఇచ్చారు.

పెరోల్ రద్దు కాలేదు. ముప్పయ్యో రోజు ఐదు గంటలలోపే శేఖర్‌ను జైలు గేటు దగ్గర దించాం. తర్వాత మళ్లీ పెరోల్‌కు పెట్టుకున్న దరఖాస్తు ఒప్పుకోలేదు. కారణం రాయలేదు, మాకు తెలుసు.

తుర్కయంజాల్ నుంచి వచ్చిన రాత్రే నా భర్త గొళ్లెం మళ్లీ బిగించాడు. అడిగింది శేఖరే. మర్నాడు చీకటి పడే ముందు వాడు గదిలోకి వెళ్లి, "అక్కా, నువ్వే ఎయ్యి" అన్నాడు. నా చెయ్యి కొక్కెం దాకా వెళ్లి ఆగిపోయింది. లోపలి నుంచి వాడు మళ్లీ "ఎయ్యి" అన్నాడు. వేశాను. కిర్రుమంది. తలుపుకు అవతల వాడు చాప పరుచుకుంటున్న చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత అది దానంతటది పడిన రోజు ఒక్కటీ లేదు.

చివరి పదిహేడు సాయంత్రాలు నా తమ్ముణ్ణి లోపల పెట్టి గొళ్లెం వేసింది నేను. అంతకుముందు తొమ్మిది సాయంత్రాలు ఎవరు వేశారో నాకు ఈనాటికీ తెలియదు.