కొత్త రన్నరు

ఈ రోజు పొద్దున తపాలా సంచి మళ్లీ భుజానికెత్తుకుని, గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని, అల్లూరు నుంచి సముద్రం దారిన పరుగు మొదలుపెట్టాను. మొన్నటి వానల్లో ఇదే దారిలో, కాలువ గట్టు మీద ఎండ్రకాయ బొక్కలో అడుగు పడి చీలమండ విరిగింది. అప్పటి నుంచి కట్టుతో మంచంలోనే ఉన్నాను. ఎముక అతుక్కుందని డాక్టరు గారు చెప్పారు. ఇంకా ఆలస్యమైతే ఇంకొకర్ని పెట్టుకుంటామని పోస్టుమాస్టరు గారు చెప్పారు. రెండో మాటకే నేను లేచాను.

ఇసుకలోకి దిగేసరికి కాలు సలపడం మొదలైంది. అయినా ఆగలేదు. సరుగుడు తోట పక్కన మస్తానమ్మ గుడిసె ఉంది. నా గజ్జెల చప్పుడు వినగానే దడి మీదుగా చెంబుతో నీళ్లందించే మనిషి ఆమె. ఈ రోజు బయటికి రాలేదు. లోపలి నుంచే కేకేసింది.

"ఎవురయ్యా, కొత్త రన్నరా? మా రమణయ్య ఏమైనాడు?"

ఆ రమణయ్యను నేనే. నేను నోరు తెరిచేలోపే మళ్లీ అంది.

"ఆయన గజ్జెలు ఒక్క తీరుగా మోగతాయి. నీయి కుంటతా ఉండాయే."

"ఆయనకింకా కాలు బాగు కాలేదమ్మా," అన్నాను గొంతు మార్చి.

"అయితే బాగయ్యేదాకా పరిగెత్తొద్దని చెప్పయ్యా."

నీళ్లు తాగకుండానే వచ్చేశాను. రేపూ అదే దారి. పాములు తప్పుకుంటాయని కట్టిన గజ్జెలవి. నా కుంటు ఎవరికీ వినబడకుండా రేపు విప్పేసి పోదామనుకుంటున్నాను. మీరైతే ఏం చేస్తారు?